చెల్లెలి పెదాల మీద అక్క గొంతు

కిందటి వారం అక్కను మనం డబ్బింగ్ గది మెట్ల మీద వదిలిపెట్టాం. ఆ ఊళ్ళో సొంతంగా సినిమాలు తీసే డ్రాయింగ్ మాస్టారు తన కొత్త సినిమాలో నాయిక వేషం ఇన్నాళ్ళూ తన సినిమాలన్నిటికీ నాయికగా ఉన్న అక్కకి ఇవ్వలేదు. ఆమె చెల్లెలికి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో అక్క చెల్లెలితో మాట్లాడడం మానేసింది. షూటింగ్ అయిపోయాక మాస్టారు ఇంటికొచ్చి, "చిన్నదాని ముఖం సరిపోయిందమ్మా, గొంతు సరిపోలేదు. నువ్వు చెప్పాలి" అన్నారు. ఆ మాటకి వంటింట్లో తల్లి చేతిలోంచి గరిటె జారి పడింది. అయినా అక్క ఒప్పుకుంది. ఒక్కటే షరతు పెట్టింది. తను డబ్బింగ్ చెబుతున్నంతసేపూ చెల్లెలు ఆ మెట్లెక్కకూడదు.

మెట్లెక్కుతూ అక్క తన మనసుని తను మోసం చేసుకోలేదు. మాస్టారి మీద గౌరవమూ కాదు, సినిమా మీద ప్రేమా కాదు. చిన్నది ఎంత చెత్తగా చేసిందో కళ్ళారా చూడాలని వచ్చింది.

కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద ఉండేవి ఆ రెండు గదులు. లోపలి గది గోడలకి పాత పరుపులు మేకులేసి కొట్టారు. బయటి గదిలో బల్ల, దాని మీద మిషన్లు, రెండు గదులకీ మధ్య ఒక గాజు పలక. సౌండ్ చూసేవాణ్ణి ఆ ఊరి సినిమావాళ్ళందరూ 'సైలెన్సు' అని పిలుస్తారు. షూటింగుల్లో పక్షి అరిచినా, పక్కింట్లో ఎవరైనా తుమ్మినా 'సైలెన్స్!' అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకున్నాడు.

"మేడమ్, ఫ్యాన్ ఆపేస్తున్నా. చెమట మీది, సౌండు నాది" అన్నాడు.

అక్క నవ్వలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడింది.

మైకు ఆమెకి కొత్త కాదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడమే ఆమె ఉద్యోగం. ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆ ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. ఆదివారాలూ సెలవులూ చూసుకుని మాస్టారు తీసిన సినిమాల్లోనే ఆమె నలుగురి కంటా పడింది. కాలేజీ హాల్లో, సగం ఖాళీ కుర్చీల మధ్య ఆడేవా సినిమాలు. అయినా తన ముఖం మొదటిసారి గోడంత పెద్దదిగా చూసుకున్న సాయంత్రం అక్క ఇంటికి నడిచి రాలేదు, గాల్లో తేలుతూ వచ్చింది. ఇప్పుడా తెర చెల్లెలి పాలైంది. తనకి మళ్ళీ గొంతే మిగిలింది.

ఎదురుగా తెర మీద చెల్లెలు కనబడింది. సినిమాలో భర్త వెళ్ళిపోతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి, "పోనీ రేపు వెళ్ళు. ఒక్క రోజాగితే ఏం పోతుంది?" అంటుంది. చెల్లెలి సొంత గొంతు హెడ్‌ఫోన్లలో సన్నగా, బొంగురుగా, చివరి మాట మింగేస్తూ వినిపించింది. అది విని దాని మీదే అక్క తన గొంతుతో చెప్పాలి.

చెప్పింది. అక్షరం తేడా లేకుండా చెప్పింది.

గాజు అవతల సైలెన్సు తల గోక్కున్నాడు. "మేడమ్, పెదాలకి బ్రహ్మాండంగా కలిసింది. కాకపోతే ఆవిడ మొగుణ్ణి బతిమాలుతున్నట్టు లేదండీ. మూడో నంబరు ప్లాట్‌ఫారానికి రమ్మంటున్నట్టుంది."

మాస్టారు నవ్వు ఆపుకుని, "ఇంకోసారి చూద్దాం అమ్మా" అన్నారు.

ఇంకోసారి అక్క జాగ్రత్తపడింది. ఎక్కడ ఊపిరి తీయాలో అక్కడ తీసింది. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ కొంచెం వణికించింది. ప్రాణం మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుంది. వినేవాళ్ళకి తప్పు దొరకదు, మనసుకీ తగలదు. పొద్దున్నుంచీ ఒక్కో సీనూ అలాగే చెప్పుకుంటూ వచ్చింది. "ఓకే" అంటూ వచ్చారు మాస్టారు. సినిమా ఉత్సవానికి పంపడానికి గడువు ముంచుకొస్తోంది, ఆయనకి అక్షరాలు కలిస్తే చాలనిపించి ఉంటుంది. సైలెన్సు మాత్రం గాజులోంచి ఆమె వంక ఒక్కసారి అదోలా చూసి, మిషను వైపు తిరిగాడు.

రేపు ఉత్సవంలో పెద్దపెద్దవాళ్ళు కూర్చుని చూస్తారు. ముఖం బాగుందిగానీ నటనలో జీవం లేదంటారు. ఆ మాట ఊహించుకుంటే అక్కకి ఆ ఉక్కలో కూడా చల్లగా అనిపించింది.

తర్వాత కిటికీ సీను వచ్చింది.

భర్త వెళ్ళిపోయాక ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తుంటుంది. మాటలు దాదాపు లేవు. చివర్లో "వస్తాడులే" అని ఒక్క మాట. అక్క తప్పులు వెతకడానికి సిద్ధమైంది. నడుం వంచి నిలబడింది, తప్పు. వెలుతురు వైపు తిరగలేదు, తప్పు. కనురెప్పలు ఎక్కువ ఆడిస్తోంది...

అక్కడితో లెక్క ఆగిపోయింది.

తెర మీద చిన్నది ఏమీ చేయడం లేదు. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది. వీధిలో ఏదో చప్పుడైతే చేయి ఆగింది. తల తిప్పలేదు. చూస్తే లేడని తెలిసిపోతుందని భయపడ్డట్టు, చూడకుండా అలాగే నిలబడింది. చప్పుడు దాటిపోయాక మళ్ళీ గిన్నె తుడిచింది. అంతే.

తనైతే ఆ చోట కళ్ళనీళ్ళు పెట్టుకునేది. రాత్రంతా అద్దం ముందు సాధన చేసి మరీ పెట్టుకునేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. కానీ ఇది చూశాక ఇంక ఆ కన్నీళ్ళకి విలువేముంది? కళ్ళద్దాల షాపులో ఫ్రేములు తుడుచుకునే పిల్లకి ఇది ఎవరు నేర్పారు? అక్కకి అరికాళ్ళ నుంచి మంట మొదలై నెత్తికెక్కింది. చెడ్డగా చేసి ఉంటే క్షమించగలిగేదేమో. ఇది క్షమించరానంత బాగుంది.

"ఎలా ఉంది?" గాజు అవతల నుంచి అడిగారు మాస్టారు.

"లైటింగ్ బాగుంది" అంది అక్క.

"వస్తాడులే" మాత్రం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఈసారి కావాలని చెడగొట్టలేదు. ఎంత చెప్పినా ఆ ముఖానికి తన గొంతు అందలేదు.

ఇక మిగిలింది చివరి సీను. మాస్టారే లోపలి గదిలోకి వచ్చారు.

"దీనికి కాగితం మీద మాట లేదమ్మా. అది రైలు పట్టాల మీది వంతెన ఎక్కి నిలబడింది, మేం చాలా దూరం నుంచి తీశాం. కింద రైలు పోతుంటే అరిచినా వినపడదు. కథలో నాయిక అక్క ఊరొదిలి వెళ్ళిపోతోంది, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు, తర్వాత మాట రాసుకుందాం అన్నాను. ఏదో అంది. ఏమన్నావే అంటే గుర్తులేదంటుంది. ఆ పెదాలకి సరిపడే మాట నువ్వే చూసి కుదర్చాలి."

"వేయమనండి" అంది అక్క.

తెర మీద వంతెన కనిపించింది. దూరాన్నించి తీసినా జూమ్ చేయడంతో ముఖం దగ్గరగానే ఉంది. గాలికి జుట్టు చెదురుతోంది. హెడ్‌ఫోన్లలో రైలు రొద తప్ప ఏమీ లేదు. చెల్లెలు కళ్ళు తిప్పి సూటిగా కెమెరాలోకి చూసింది. పెదాలు కదిలాయి.

ఆ పెదాలు కదలడం చూసి అక్క ఉలిక్కిపడింది.

చిన్నదానికి చిన్నప్పుడు గొంతులో ఆపరేషన్ చేశారు. చాలాకాలం నోరు మెదపకూడదన్నారు. ఆ బొంగురు అప్పటిదే. ఆ రోజుల్లో అది గాలి కూడా బయటికి రాకుండా పెదాలు మాత్రం ఆడించేది. తల్లికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఏడుపొచ్చేది. "నీళ్ళు కాదమ్మా, దానికి దుప్పటి కావాలిట" అని అక్కే చెప్పేది. పక్కలో పడుకుని ఆ పెదాలు చదివి చదివి, ఆ పిల్ల అబద్ధం చెబితే కూడా అక్క పట్టేసేది.

తెర మీద అది మాట్లాడడం లేదు. నటించడమూ లేదు. అప్పటిలాగే గొంతు లేకుండా, ఒక్కో మాటా విడదీసి, అక్కకి చెబుతోంది.

"మళ్ళీ వేయండి."

మొదటి మాట 'అక్కా'. దాన్లో సందేహం లేదు. తర్వాత 'సినిమాకి'. 'నిన్నే'. 'అడిగారు'. అక్క మైకు స్టాండు పట్టుకుంది.

"మళ్ళీ."

పెదాలు గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి. అక్కడ ప, బ, మ తప్ప ఇంకోటి పలకదు. మా... స్టారే. మాస్టారే.

"మళ్ళీ వేయమన్నానా!"

"వేస్తున్నా మేడమ్, వేస్తున్నా" అన్నాడు సైలెన్సు కంగారుగా.

'అక్కా, ఆ పెద్ద సినిమాకి నిన్నే అడిగారు. రాదని మాస్టారే చెప్పారు.'

కొన్నేళ్ళ కిందటి సంగతి అది. నగరం నుంచి ఒక దర్శకుడు మాస్టారి సినిమా చూడ్డానికి వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. సినిమా అయ్యాక మాస్టారిని పక్కకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. మాట్లాడుతూ తన వైపే చూశాడని అక్క బల్లగుద్ది చెప్పగలదు. తర్వాత నెలలు గడిచాయి. ఇంట్లో ఫోను మోగితే అక్క పరిగెత్తేది. ఆ దర్శకుడి సినిమా ఎవరో కొత్త పిల్లతో వచ్చింది, పేరు తెచ్చుకుంది. ఆ సినిమాకి అక్క వెళ్ళలేదు. తనలో అంత పస లేదు కాబోలని, దుఃఖం దిగమింగుకుని, తనని నమ్మింది మాస్టారొక్కరే అనుకుని ఆయన పిలిచినప్పుడల్లా వెళ్ళి నిలబడింది.

ఆ మాస్టారు ఇప్పుడు గాజు అవతల కూర్చుని, "ఏమంటోందమ్మా? మాట ఏమైనా తెలిసిందా?" అని అడుగుతున్నారు.

చిన్నది ఈ మాట ఇంట్లోనే చెప్పి ఉండొచ్చు. ఎలా చెబుతుంది? అది గదిలోకొస్తే తను బయటికి పోయేది. అది అన్నం పెడితే తను కడుపు నిండిందనేది. తన బొంగురు గొంతుకి బదులు అక్కనే పిలుస్తారని షూటింగ్ నాడే ఊహించి, అక్క తప్పించుకోకుండా తన ముఖం చూసే చోటు ఇదొక్కటేనని ఎంచుకుంది. పొద్దున్నుంచీ తను చేసిన పని గుర్తొచ్చి అక్కకి సిగ్గేసింది.

"తెలిసింది. రికార్డు చేయండి" అంది.

రైలు రొద మొదలైంది. పెదాలు కదిలాయి.

"అక్కా! ఆ పెద్ద సినిమాకి నిన్నే అడిగారు. రాదని మాస్టారే చెప్పారు."

పొద్దున్నుంచీ దాచుకున్న ప్రాణమంతా ఆ రెండు మాటల్లో పోసింది. బస్టాండు గొంతు కాదది. సైలెన్సు చేయి మీట మీదే ఆగిపోయింది. వాడికి అర్థం తెలియదు, కథలో ఏదో మలుపనుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ మాస్టారి వైపు తిరిగి, "ఇదీ సార్ డబ్బింగంటే!" అన్నాడు.

మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వెళ్ళి టీ పట్టుకురా" అన్నారు.

"ఇప్పుడా సార్? మంచి ఊపులో..."

"పట్టుకురా."

వాడు వెళ్ళాడు. అక్క బయటి గదిలోకి వచ్చి తలుపు గడియ పెట్టింది. మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"కెమెరామన్ నోరు జారాడన్నమాట" అన్నారు చివరికి. "ఆ రోజు వాడు మా పక్కనే ఉన్నాడు."

"అయితే నిజమే."

"అడిగాడు. రాదన్నాను. నిజమే."

"ఎందుకన్నారు? నేను పోతే మీ సినిమాలకి మొహం దొరకదనా? ఇంటి దగ్గర ఫోను పక్కనే పడుకునేదాన్ని మాస్టారూ! మీకు తెలుసు. మీ దగ్గరే ఏడ్చాను. మీరే కదా ఓదార్చారు? నీలో లోపం లేదమ్మా, వాళ్ళ కళ్ళకి ఆనలేదంతే అని మీరే కదా అన్నారు?"

"అన్నాను."

"నా బతుకు నా చేతికి రాకుండా చేసి, మళ్ళీ నన్నే ఓదార్చారు. ఇప్పుడు నేను పాతబడ్డానని నా చెల్లెల్ని తెచ్చుకున్నారు. రేపు దాన్నెవరైనా అడిగితే దానికీ ఇదే చెబుతారా?"

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వలా అనుకుంటేనే నీకు బావుంటుందంటే, అలాగే అనుకో అమ్మా. నన్ను తిట్టుకో. ఇంటికెళ్ళు."

"అంటే?"

"ఇక్కడితో వదిలెయ్యి."

"ఏం వదిలెయ్యాలి? చెప్పండి!"

కింద షాపులో ఎవరో కుట్టుమిషను తొక్కి చూస్తున్నారు. ఆ టకటకలు ఆగాక మాస్టారు నెమ్మదిగా అన్నారు.

"ఆయన అడిగింది నిన్ను కాదు."

అక్కకి మాట వినపడింది గానీ తలకెక్కలేదు.

"ఆ రోజు వేసిన మన సినిమాలో బస్సు కిటికీ దగ్గర సంచి పట్టుకుని ఒక పిల్ల నిలబడుతుంది. గుర్తుందా? రావలసిన అమ్మాయి రాకపోతే నువ్వే మీ చెల్లెల్ని తీసుకొచ్చావు. జడ కూడా నువ్వే వేశావు. ఒక్క షాట్. 'ఆ అమ్మాయిని నాతో పంపుతారా' అని ఆయన అడిగాడు. కెమెరామన్ సగమే విని నాయికనే అనుకున్నాడు, చిన్నదానికీ అదే చెప్పి ఉంటాడు. నేను కూడా మొదట నువ్వేననుకున్నా. 'కాదు, సంచి పట్టుకున్న పిల్ల' అన్నాడాయన."

"అబద్ధం."

"ఆయనలా అంటున్నప్పుడు నువ్వు దూరంగా నిలబడి మా వైపే చూస్తున్నావు. నీ గురించేననుకుని నవ్వావు. ఆ నవ్వు చూశాక నాకు నోరు రాలేదు. రాదండీ అనేశాను."

ఆ నవ్వు అక్కకి గుర్తుంది. ఎంత గుర్తంటే, ఆ తర్వాత అద్దంలో అదే నవ్వు నవ్వి చూసుకుంది.

"నాకోసం అన్నారా, మీకోసం అన్నారా?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఆ రోజు నీతో నిజం చెప్పి ఉంటే నువ్వు మళ్ళీ కెమెరా ముందుకి వచ్చేదానివా?"

ఒక్క క్షణం కిందట అక్కకి చెల్లెలి మీద పొంగిన ప్రేమ ఎటు పోయిందో పోయింది. దాని స్థానంలో పాత మంటే రెట్టింపై కూర్చుంది. అప్పుడు కూడా అదే! ఒక్క షాట్‌లో, సంచి పట్టుకుని, ఏమీ చేయకుండా, తను సినిమా మొత్తం నటించినదంతా తుడిచిపెట్టేసింది. ఇప్పుడు పాపం ఆ పిచ్చిది అక్కకి అన్యాయం జరిగిందని కుమిలిపోతోంది. అన్యాయం జరిగింది తనకేనని దానికి తెలియదు.

"చిన్నదానికి తెలుసా?"

"తెలీదు. ఈ ఊళ్ళో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు" అన్నారు మాస్టారు. "ఈ వేషం దానికి ఎందుకిచ్చానో ఇప్పుడు అర్థమైందా? ఆ బాకీ నా మీద ఉంది."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సైలెన్సువి కావు. వాడెక్కితే మెట్లన్నీ మూలుగుతాయి. ఇవి వచ్చి తలుపు అవతల ఆగాయి. చిన్నగా రెండుసార్లు కొట్టిన చప్పుడు.

"అక్కా." బొంగురు గొంతు. "రావద్దన్నావు, తెలుసు. షాపులో కాలు నిలవలేదు."

మాస్టారు అక్క ముఖంలోకి చూశారు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అక్క గడియ తీసింది. గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. ఎండన పడి వచ్చినట్టుంది, ముఖం ఎర్రగా కందిపోయింది. నెలల తర్వాత అక్క ఆ ముఖాన్ని ఇంత దగ్గర నుంచి చూసింది. ముందు వరసలో కూర్చున్న ఆ నగరం మనిషి ఏం చూశాడో వెతికింది. వెతకనక్కర్లేకుండానే కనిపించింది.

"చివరి సీను అయిందా?" అని అడిగింది చెల్లెలు. "వంతెన మీద నేనేమన్నానో... నీకు అర్థమైందా అక్కా?"

అయిందంటే మాటలు మొదలవుతాయి. ఎవరు చెప్పారు, ఆయనేమన్నారు, ఎందుకు చేశారు అని ఒకటి వెనక ఒకటి, సంచి పట్టుకున్న పిల్ల దాకా వచ్చి తీరతాయి.

"లేదే" అంది అక్క. "రైలు రొదలో ఏం తెలుస్తుంది? నీ ముఖం కూడా సరిగ్గా కనబడలేదు. వేరే మాటేదో పెట్టేశాం."

చెల్లెలి కళ్ళలో వెలుగు ఆరిపోయింది. "అవునా" అని, తల వంచుకుని, "సరే అయితే. ఇంటికి పోతా" అంది. వెనక్కి తిరిగింది.

అప్పుడే మెట్లు మూలుగుతూ, రెండు చేతుల్లో టీ గ్లాసులతో సైలెన్సు పైకి వచ్చాడు.

"జరుగమ్మా, వేడి టీ... ఓహో, హీరోయిన్‌గారా! నువ్వు ఇంకాస్త ముందు రావలసింది. వంతెన మీద నీ మాట ఏం చెప్పిందమ్మా మీ అక్క! 'పెద్ద సినిమాకి నిన్నే అడిగారు, రాదని మాస్టారే చెప్పారు' అని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నీ పెదాల్లోంచి తీసినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చిందంటే నమ్ము!"

దిగబోతున్న చెల్లెలు మెట్టు మీదే ఆగిపోయింది. గోడ పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తిరిగి, అక్క కళ్ళలోకి చూసింది.

"ఏం కనబడలేదన్నావు?"